చీనాంబరాల ఊళ్ళో చీరాల అమ్మాయి

అందరికీ నమస్కారం. మైకు ముందు మాట్లాడటం నాకు అలవాటు లేదు, అందుకే ఇంట్లో రాసుకుని వచ్చాను, మధ్యమధ్యలో కాగితం చూసుకుంటే ఏమీ అనుకోకండి. నాలుగేళ్ళకి పైగా చైనాలో కాపురం ఉండి వచ్చారు కదా, మీరిద్దరూ ఏం చూశారో చెప్పండి అని పిలిచారు. చైనా అనగానే ఎవరైనా ముందు అడిగేది గోడ గురించే కాబట్టి అది చెప్పేస్తాను. గోడ ఎక్కాం, మోకాళ్ళు నొప్పి పుట్టాయి, ఫోటోలు బాగా వచ్చాయి. అంతే.

మేం ఉన్నది బీజింగ్‌లో కాదు, షాంఘైలో కాదు. జెజియాంగ్ రాష్ట్రంలో షావోషింగ్ అని కాలవల ఊరు ఒకటి ఉంది, లూ షున్ అనే పెద్ద రచయిత 1881లో పుట్టింది అక్కడే. దాన్ని ఆనుకుని ఉన్న ప్రాంతం కచియావ్. పేరు మీరు విని ఉండరు, కానీ మీలో చాలామంది ఒంటి మీద ఏదో ఒక గుడ్డ ఆ ఊరిదై ఉండొచ్చు. ప్రపంచంలోని పెద్ద బట్టల టోకు మార్కెట్లలో అదొకటి. మనం ఒక బజారులో ఇరవై కొట్లు ఊహించుకుంటాం కదా, అక్కడ బిల్డింగులకి బిల్డింగులే గుడ్డ. కర్టెన్ల గుడ్డకి ఒక చోటు, షిఫాన్‌కి ఒక చోటు, లేసులకి ఒక చోటు, గోడల నిండా హ్యాంగర్లకి తగిలించిన శాంపిళ్ళు. మొదటి రోజు నాకు కళ్ళు తిరిగినంత పనైంది.

నేను మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. ఇక్కడున్న సగం మందికి ఆ సంగతి తెలుసు. మా నాన్న గుంట మగ్గం మీద ఒక చీర దించేసరికి వారం పట్టేది, అమ్మ నూలు కండెలు చుట్టేది. అలాంటి ఇంటి పిల్ల వెళ్ళి వెళ్ళి, నిమిషానికి ఎన్ని మీటర్లని లెక్కపెట్టే ఊళ్ళో కాపురం పెట్టింది! నాన్న ముఖం మీద అనలేదు గానీ, 'మన పొట్ట కొట్టే ఊరికే పోతున్నావన్నమాట' అని అమ్మతో అన్నారట. ఆ మాట నాలుగేళ్ళూ నా చెవిలోనే ఉంది.

2015లో మా ఆయనకి అక్కడ ఒక ఎగుమతుల ఆఫీసులో గుడ్డ నాణ్యత చూసే ఉద్యోగం వచ్చింది. ఆ పని సంగతి కొంచెం చెప్పాలి. లైటు వెలిగే బల్ల మీద గుడ్డ తాను నడుస్తూ ఉంటుంది, మనిషి కళ్ళు దాని మీదే ఉండాలి. పోగు తెగినా, నూనె మరక పడినా, రంగు తేడా వచ్చినా ఆ తప్పు పొడవుని బట్టి 1 నుంచి 4 దాకా పాయింట్లు వేస్తారు, 100 చదరపు గజాలకి ఇన్ని పాయింట్లు దాటితే తాను వెనక్కి. గుండ్రటి కత్తెర లాంటి దానితో బిళ్ళ కోసి తూకం వేసి జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో చూస్తారు. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా మా ఆయన సోఫా గుడ్డ మీద తప్పులు వెతికేవారు. నా చీర మీద కూడా! 'ఇది చేనేతండీ, దీనికి మీ పాయింట్లు పనికిరావు' అని గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

నాది మాత్రం మొదటి ఏడాది ఖాళీయే. ఉద్యోగస్తుడి భార్యగా వెళ్తే ఎస్1 అనే వీసా ఇస్తారు, దాని మీద ఉండొచ్చు, పని చేయకూడదు. ఇక్కడ మూడేళ్ళు అకౌంట్స్ చేసినదాన్ని అక్కడ ఎనిమిదో అంతస్తు కిటికీలోంచి కాలవ చూస్తూ కూర్చునేదాన్ని. నా బీకాం సర్టిఫికెట్ హైదరాబాద్, ఢిల్లీ తిరిగి, చైనా ఎంబసీ ముద్ర వేయించుకుని వచ్చాక గానీ నాకంటూ పర్మిట్ రాలేదు. 2017 నుంచి నేనూ ఒక ట్రేడింగ్ ఆఫీసులో పద్దులు చూశాను. కానీ నాకు ఆ ఊరు తెలిసింది ఉద్యోగం వల్ల కాదు, ఆ ఖాళీ ఏడాది వల్లే, ఇంకా చెప్పాలంటే మా ఇంటి ఓనరమ్మ వల్ల.

విదేశీయులు ఎక్కడ దిగినా 24 గంటల్లో పోలీస్ స్టేషన్‌లో పేరు రాయించుకోవాలి. దిగిన మర్నాడే పోలీస్ స్టేషనా అని నాకు ఒకటే టెన్షన్. అరవై దాటిన ఆ ఓనరమ్మ నా చెయ్యి పట్టుకుని, బడికి తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళి రాయించింది. అక్కడ ఆ వయసు ఆడవాళ్ళని 'ఆయీ' అంటారు, మన పిన్నిగారు, అత్తగారు లాగ. మేమూ అలాగే పిలిచాం. మెట్ల దగ్గర కనపడితే ఆవిడ అడిగే మొదటి మాట 'ఛి లె మా?' అంటే తిన్నావా అని. నేనేమో నిజంగానే అడుగుతోందనుకుని, వచ్చిన నాలుగు ముక్కల్లో ఏం వండానో చెప్పబోయేదాన్ని. తర్వాత తెలిసింది, మనం 'భోజనం అయిందా' అని వీధిలో అడిగినట్టే, జవాబు కోసం అడగరు.

ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు నాన్న వాడి పక్కన పెట్టిన నాడె, అదే మగ్గం మీద పేక పోగుని అటూ ఇటూ తీసుకెళ్ళే పనిముట్టు, ఒకటి పెట్టెలో వేసుకున్నాను, ఎందుకో నాకే తెలీదు. టీవీ పక్కన పెట్టాను. ఒకరోజు ఆయీ కరెంటు మీటరు చూడటానికి వచ్చి దాన్ని చూసింది. చేతిలోకి తీసుకుంది, బొటనవేలితో మొన రాసి చూసింది, లోపల కండె ఉండే చోట వేలు పెట్టి నవ్వింది, ఆ తర్వాత సోఫా మీద కూర్చుని రెండు చేతులూ అటూ ఇటూ ఆడిస్తూ నోటితో టక్, టక్ అని శబ్దం చేసింది. ఆవిడ పెళ్ళికి ముందు నుంచీ పట్టు మిల్లులో పనిచేసిందట. నాకు అప్పటికి చైనీస్ రాదు, ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఫోనులో అనువాదం యాప్ ఉంది గానీ ఆ రోజు మేం దాన్ని తియ్యలేదు.

భాష గురించి ఒక్క మాట. 'మాయ్' అని ఒక రకంగా పలికితే కొనడం, ఇంకో రకంగా పలికితే అమ్మడం. కూరగాయల బజార్లో నేను నెల రోజులు పాటు తోటకూర అమ్ముతాను, అమ్ముతాను అని తిరిగాను. అవును, తోటకూర దొరుకుతుంది, ఎర్రదీ పచ్చదీ, వెల్లుల్లి వేసి వేయిస్తారు, అన్నంలో ఎర్రటి రసం. బచ్చలి కూడా దొరుకుతుంది. కందిపప్పు, ఇంగువ ఇండియన్ కొట్లో కొనేవాళ్ళం, కచియావ్ నిండా సింధీ, గుజరాతీ వ్యాపారస్తులున్నారు కాబట్టి ఆ బాధ లేదు. మా ఆయన అన్నీ తింటారు, నాకు గుడ్డు దాకానే. హోటల్లో మాంసం వద్దంటే మాంసం ముక్కలు తీసేసి ఖీమా చల్లి తెస్తారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు మరి! గుళ్ళ పక్కన బౌద్ధుల శాకాహార హోటళ్ళుంటాయని తెలిశాక నా ప్రాణం లేచొచ్చింది. వాటిల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు.

హాంగ్‌జౌ మాకు చాలా దగ్గర. అక్కడ జాతీయ పట్టు మ్యూజియం ఉంది. చెంగ్డూలో మెట్రో పనుల్లో బయటపడ్డ రెండు వేల ఏళ్ళ నాటి సమాధిలో దొరికిన చిన్న మగ్గం నమూనాల్ని చూసి, వాటి ప్రకారం పెద్ద మగ్గం మళ్ళీ కట్టి నిలబెట్టారు. మా ఆయన బోర్డులు చదువుతుంటే నేను పడుగు, అంటే నిలువు పోగుల దగ్గరే నిలబడిపోయాను. ఎన్ని పోగులు, ఎలా పైకి లేస్తున్నాయి, ఎలా దిగుతున్నాయి అని చూస్తుంటే కాసేపు అది చైనా అని మర్చిపోయాను. మనం 'చీని చీనాంబరాలు' అంటాం చూడండి, ఊరికే ప్రాస కోసం అన్న మాట కాదు. చీనా నుంచి వచ్చిన అంబరం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే చీనపట్టం అని ఉంది. ఇప్పటికీ మన చీరల్లో చైనా పట్టునూలు వాడతారని ఇక్కడ కూర్చున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఆ నూలు రేటు పెరిగిన వారం మా ఇంట్లో కూరలు తగ్గేవి.

తిరగడానికి మాకు కుదిరింది వాళ్ళ కొత్త సంవత్సరం సెలవుల్లోనే. అప్పుడు అన్‌హుయి, హెనాన్, సిచువాన్ నుంచి వచ్చిన పనివాళ్ళంతా సొంతూళ్ళకి వెళ్ళిపోతే కచియావ్ మన సంక్రాంతి నాటి హైదరాబాద్ అయిపోతుంది. రైలు టికెట్లు దొరకడం గగనం. ఒకసారి బుల్లెట్ రైలు దొరక్క పాత కె రైల్లో గట్టి బెర్తు మీద పోయాం. నాకు అదే నచ్చింది. పెట్టె చివర వేడినీళ్ళ కుళాయి, అందరి చేతుల్లో నూడుల్స్ డబ్బాలు, 'ఇండియానా? ఆమిర్ ఖాన్!' అని పలకరింపులు. బుల్లెట్ రైల్లో ఎవరూ ఎవరినీ పలకరించరు, గంటకి 300 కిలోమీటర్ల మీద పోతుంటే మాట్లాడేంతలో ఊరొచ్చేస్తుంది.

గుయిలిన్ వెళ్ళాం, 20 యువాన్ నోటు వెనకున్న కొండల ముందు నిలబడి ఆ నోటు పట్టుకుని ఫోటో దిగాం, అందరూ దిగుతారు. షియాన్‌లో షువాన్ జాంగ్ పగోడా చూశాం. మనం హుయాన్ త్సాంగ్ అని చదువుకున్నామే, ఆయనే. మన అమరావతి దాకా వచ్చి, కొన్ని నెలలుండి చదువుకుని, 645లో పుస్తకాల మూటలతో ఆ ఊరు చేరాడు.

కానీ నేను ముఖ్యంగా చెప్పాలని వచ్చింది చువాన్‌జౌ గురించి. ఫుజియాన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డు ఊరు, మా దగ్గర్నుంచి రైల్లో ఐదారు గంటలు. కైయువాన్ గుడి అని పెద్ద బౌద్ధ ఆలయం. ప్రధాన మందిరం వెనక్కి వెళ్తే రెండు రాతి స్తంభాలున్నాయి. మా ఆయన ముందు వెళ్ళి, 'ఇటు రా, మీ మంగళగిరి స్వామి' అని పిలిచారు. నిజంగానే. హిరణ్యకశిపుణ్ణి ఒళ్ళో వేసుకున్న నరసింహుడు. ఇంకో చోట కృష్ణుడు. చుట్టూ అగరుబత్తులు వెలిగించి బుద్ధుడికి మొక్కుతున్న జనం. నేను చెప్పులు విప్పబోయి, అక్కడ ఎవరూ విప్పరని గుర్తొచ్చి ఆగాను.

పడిపోయిన శివాలయం రాళ్ళు ఎప్పుడో తెచ్చి ఇక్కడ వాడుకున్నారంటారు. ఆ ఊళ్ళో దొరికిన 1281 నాటి శాసనం కూడా చూశాం, తమిళంలో, చివర్లో చైనా అక్షరాలు. తెలుగు కాదు, తమిళం, ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. కానీ దాని ముందు నిలబడితే నాకు గుర్తొచ్చింది మన మోటుపల్లి. ఇక్కడికి దగ్గరే, చినగంజాం మండలం, వీరభద్రస్వామి గుళ్ళో గణపతిదేవుడి అభయ శాసనం, 1244 నాటిది. అంతకు ముందు రాజులు తుఫానుకి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా లాక్కునేవాళ్ళట, ఈయన అలా చెయ్యం, సుంకం మాత్రం తీసుకుంటాం అని రాయించాడు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రం మీద సాహసం చేసి వచ్చేవాళ్ళని దయ చూడాలి అంటాడు. మా ఆయనకి ఈ మాట చెబితే, 'మన వీసా ఆఫీసు వాళ్ళకి ఎవరైనా ఇది చదివి వినిపిస్తే బాగుణ్ణు' అన్నారు. ఆ సుంకాల జాబితాలో చీని కర్పూరం ఉంది, పట్టునూలు ఉంది. మార్కో పోలో చువాన్‌జౌ రేవు గురించీ రాశాడు, మోటుపల్లి గురించీ రాశాడు, మోటుపల్లి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందన్నాడు, ఇక్కడ ఏలే రాణిని మెచ్చుకున్నాడు, ఆమె రుద్రమదేవే అని చాలామంది చరిత్రకారుల మాట. అంటే ఆ రోజుల్లో మనది గుడ్డ అమ్మే రేవు. ఇప్పుడు ఆ రేవులో ఏముందో మీకు తెలుసు.

ఇంకో చిన్న సంగతి. ఆ ఫుజియాన్ తీరం వాళ్ళు టీని 'తే' అంటారు, మిగతా చైనా 'ఛా' అంటుంది. తేయాకు అని మనం అనేటప్పుడు ఆ రేవుల మాటే మన నోట్లో ఉంది. హోటల్లో కూర్చుని ఇది తెలుసుకుని నేను ఎంత సంబరపడ్డానో, మా ఆయన మాత్రం పాలు లేని టీ టీయే కాదన్నారు.

2020 సంక్రాంతికి రెండు పెట్టెలతో చీరాల వచ్చాం. నెలాఖరుకి వెళ్ళిపోవాలి. జనవరి 23న వూహాన్ మూసేశారు. మార్చి 28 నుంచి విదేశీయుల్ని రానివ్వలేదు. అక్కడ ఫ్రిజ్‌లో పెరుగు, బాల్కనీలో బట్టలు, టీవీ పక్కన నాడె. రెండేళ్ళు దాటినా తలుపు తెరుచుకోలేదు, ఉద్యోగాలు రెండూ పోయాయి. మొదట్లో ఆయీ వీచాట్‌లో, అది అక్కడివాళ్ళ వాట్సాప్ లాంటిది, రోజూ మాస్కులు పెట్టుకోమని వాయిస్ మెసేజ్‌లు పెట్టేది. అక్కడ వాట్సాప్ పనిచేయదు కాబట్టి అమ్మానాన్నల ఫోన్లలో కూడా వీచాటే ఉండేది. 2020 జూన్ 29న మన ప్రభుత్వం 59 యాప్‌లు నిషేధించింది, అందులో వీచాట్ ఒకటి. కొన్నాళ్ళకి అది తెరుచుకోవడం మానేసింది. రెండు దేశాల మధ్య గొడవలో ఎవరిది తప్పో నేను చెప్పను, నాకు తెలిసింది ఒకటే, ఆవిడ చివరి మెసేజ్ నేను సగం విన్నాను.

2024లో మా ఆయన ఇక్కడి కంపెనీ పని మీద బిజినెస్ వీసాతో హాంకాంగ్ మీదుగా మళ్ళీ వెళ్ళారు. కచియావ్ దిగి నేరుగా ఆ ఇంటికే. ఆయీ తలుపు తీసి మొదట అడిగింది 'ఛి లె మా?' అనే. మా సామాను మూడు అట్టపెట్టెల్లో కట్టి ఉంచింది. ఒక నోటు పుస్తకం తెచ్చింది. ఫ్రిజ్ ఇంతకి అమ్మాను, బట్టల మెషిన్ ఇంతకి, అడ్వాన్సులో ఇన్ని నెలల అద్దె పోను మిగిలింది ఇంత అని వరసగా రాసి పెట్టింది. కూరగాయలవాళ్ళు కూడా ఫోను స్కాన్ చేసి డబ్బు తీసుకునే ఊళ్ళో, మా ఆయన ఫోనుకి పంపే వీల్లేదని, బ్యాంకుకి వెళ్ళి ఎర్ర నోట్లు తెచ్చి కవర్లో పెట్టి ఇచ్చింది.

నాడె మాత్రం పెట్టెల్లో లేదు. ఆవిడ అద్దాల బీరువాలో, మనవడి ఫోటో పక్కన ఉంది. ఆవిడ తీసి ఇవ్వబోయింది, మా ఆయన ఇక్కడికి ఫోన్ చేశారు, ఏం చెయ్యమంటావని. నేను నాన్నని అడిగాను.

నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, 'ఆవిడ నేసిన మనిషేనా?' అన్నారు. అవునన్నాను. 'అయితే అక్కడే ఉండనివ్వు. ఇక్కడ అటక మీద ఇంకా మూడున్నాయి, ఎవరికీ అక్కర్లేదు' అన్నారు.