వెళ్లడం సరే, ఉండడం ఎలా?

శ్రోతలకు నమస్కారం.

చంద్రుడి మీదకో, అంగారకుడి మీదకో మనుషుల్ని పంపే మాట రాగానే అందరి కళ్లూ రాకెట్ మీదే ఉంటాయి. ఎంత ఎత్తు, ఎంత బరువు మోస్తుంది, ఎప్పుడు ఎగురుతుంది అనే ధ్యాసే. కానీ వెళ్లి రావడం మనిషికి ఎప్పుడో చేతనైంది. 1969 నుంచి 1972 లోపు 12 మంది చంద్రుడి మీద నడిచారు. అందరికంటే ఎక్కువసేపు ఉన్న అపోలో 17 జట్టు అక్కడ గడిపింది 75 గంటలే. తిండి, నీళ్లు, గాలి అన్నీ మోసుకెళ్లారు, అవి అయిపోకముందే తిరిగొచ్చేశారు. అక్కడే కాపురం పెట్టాలంటే ఈ పద్ధతి పనికిరాదు.

ఆ కాపురం కష్టాలు తెలుసుకోవడానికి అంతరిక్షం దాకా పోనక్కర్లేదు. అమెరికాలో ఆరిజోనా ఎడారిలో బయోస్ఫియర్ 2 అని పెద్ద అద్దాల కట్టడం ఉంది. 1991లో ఎనిమిదిమంది అందులోకి వెళ్లి తలుపులు మూసుకున్నారు. లోపల పొలం, చిన్న అడవి, ఓ బుల్లి సముద్రం కూడా. రెండేళ్లపాటు అక్కడ పండిందే తినాలి, అక్కడి గాలే పీల్చాలి. కొన్నాళ్లకి చిన్న పనికే ఆయాసం వచ్చేది. చూస్తే, సుమారు 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ పడిపోతూ పడిపోతూ 14 శాతం దగ్గరికొచ్చింది. పోయిన ఆక్సిజన్ ఎటు పోయిందో చాలాకాలం అంతుపట్టలేదు. పంటల కోసం వేసిన బలమైన మట్టిలో సూక్ష్మజీవులు తెగ పెరిగి, ఆక్సిజన్ వాడేసుకుని కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. అది మొక్కలకి దక్కినా మళ్లీ ఆక్సిజన్ అయ్యేది. మధ్యలో కాంక్రీటు దాన్ని పీల్చేసుకుంది! గోడలు ఇలా చేస్తాయని కట్టినవాళ్లకి తట్టలేదు. 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ ఎక్కించాల్సి వచ్చింది. ఈలోగా ఆ ఎనిమిదిమందీ నలుగురు నలుగురుగా చీలిపోయారు, అది వేరే గొడవ.

అంగారకుడి మీద బయట ట్యాంకర్ ఉండదు. అక్కడికి బయల్దేరడానికి అనువైన సమయం 26 నెలలకోసారి వస్తుంది. ప్రయాణానికే ఆరు నుంచి తొమ్మిది నెలలు. రెండు గ్రహాలూ బాగా దూరంగా ఉన్నప్పుడు ఇక్కడి డాక్టర్ని ఒక మాట అడిగితే జవాబు చేరేసరికి 40 నిమిషాలు దాటుతుంది. 1961లో అంటార్కిటికాలో ఒక సోవియట్ స్థావరంలో రోగొజోవ్ అనే డాక్టరుకి అపెండిసైటిస్ వచ్చింది. అక్కడున్న ఒకే ఒక్క డాక్టరు ఆయనే. మంచు తుఫానులో విమానం రాలేదు. పక్కవాళ్లు అద్దం పట్టుకుంటే తన పొట్ట తానే కోసుకుని ఆపరేషన్ చేసుకున్నాడు, బతికాడు కూడా. అందుకే రేపు పంపే జట్టులో ఒక్క డాక్టరుంటే చాలదని నేనంటాను.

ఈ లెక్కన ముందు చంద్రుడి మీద నేర్చుకోవడమే మేలు. మూడు రోజుల దూరం కాబట్టి ఏదైనా తేడా వస్తే వెనక్కి రావొచ్చు. అలాగని చంద్రుడూ సులువేం కాదు. రాత్రి ఒక్కటే మన లెక్కలో 14 రోజులు. అక్కడి దుమ్ము గాజుపొడిలా పదునుగా ఉండి స్పేస్‌సూట్లని అరగదీస్తుంది. 2023లో చంద్రయాన్-3 కొలిస్తే పైన సుమారు 50 డిగ్రీల వేడి, 8 సెంటీమీటర్ల లోతులో మైనస్ 10. అంటే ఇంటిని మట్టిలో కప్పిపెడితే ఎండ నుంచి, రేడియేషన్ నుంచి కూడా కాపాడుకోవచ్చు.

"భూమికి ఏదైనా అయితే అంగారకుడి మీదకి పోదాం" అనేవాళ్లున్నారు. ఆ వాదన నాకు ఎక్కదు. అక్కడి వాయుపీడనం మన దగ్గరున్నదాంట్లో ఒక శాతం కూడా లేదు. మట్టిలో పెర్‌క్లోరేట్ అనే విషపదార్థం ఉంది. ఎంత పాడైన భూమైనా అంతకంటే నయమే. వెళ్లాల్సింది తెలుసుకోవడానికి, నేర్చుకోవడానికి.

మరి గాలి సంగతి? నాసా అంగారకుడికి పంపిన పర్సివరెన్స్ రోవర్ మీద మాక్సీ అనే చిన్న యంత్రం ఉంది. 2021 నుంచి 2023 దాకా అంగారకుడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి అది మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్ తీసింది. ఒక మనిషికి మూడు, మూడున్నర గంటలకి సరిపోతుంది. నలుగురు మనుషులు అంగారకుడి నేల మీద నుంచి పైకి లేవాలంటే, ఇంధనం మండడానికే దాదాపు 25 టన్నుల ఆక్సిజన్ కావాలని నాసా అంచనా. అంత మోసుకెళ్లడం కంటే అక్కడే తయారుచేసుకోవడం చవక. అందుకని ముందు యంత్రాల్ని పంపి, ట్యాంకులు నింపించి, నిండాయని కబురు అందాకే మనుషుల్ని బయల్దేరదీయాలి. నిండకపోతే, ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుని ఎదురుచూస్తున్నా సరే, ఇంకో 26 నెలలు ఆగాల్సిందే.

నమస్కారం.