పిన్ని టికెట్‌లో ఏముంది?

(దృశ్యం: స్టేషన్ సెల్ఫీ, స్క్రీన్ నిండా)

ఈ ఫొటో చూడండి. మా పటమట పిన్ని, బాబాయి తిరుపతి బయల్దేరుతూ బెజవాడ స్టేషన్‌లో తీసుకున్న సెల్ఫీ. పిన్ని చేతిలో పులిహోర డబ్బా, బాబాయి చేతిలో టికెట్ ప్రింటవుట్. ఫేస్‌బుక్‌లో పెట్టిన గంటకి పిన్నికి ఫోన్.

"మేడమ్, రైల్వే నుంచి. మీకు మిడిల్ బెర్త్ వచ్చింది కదా? 61 ఏళ్లు కాబట్టి లోయర్‌కి మారుస్తాం. 10 రూపాయలు కట్టండి, లింక్ పంపుతున్నా."

మోకాళ్ల నొప్పుల మనిషికి ఇంతకన్నా తియ్యటి మాట ఉంటుందా? పిన్ని లింక్ నొక్కేసింది. కార్డు నంబర్ అడిగేసరికి బాబాయి ఫోన్ లాక్కున్నాడు కాబట్టి సరిపోయింది. పిన్ని మాత్రం ఇప్పటికీ ఒకటే మాట: "నా బెర్త్, నా వయసు కూడా చెప్పాడురా, రైల్వేవాడు కాకపోతే ఎలా తెలుస్తుంది?"

(దృశ్యం: టికెట్ మీదికి జూమ్)

ఇలా తెలుస్తుంది. ఆ ప్రింటవుట్ మీద పేరు, వయసు, కోచ్, బెర్త్ అన్నీ ఉన్నాయి. వేళ్లతో ఫొటోని పెద్దది చేస్తే చదివేయొచ్చు. పది అంకెల పీఎన్ఆర్ ఒక్కటి కనబడినా చాలు, ఏ రైలో, ఏ రోజో, ఎక్కడ ఎక్కుతున్నారో బయటపడుతుంది.

మరి ఫోన్ నంబర్? అదీ పిన్ని ఇచ్చిందే. ఆర్నెల్ల కిందట పాత సోఫా అమ్ముతూ ఫేస్‌బుక్‌లోనే నంబర్ పెట్టింది. సోఫా పోయింది, పోస్ట్ ఉండిపోయింది. రెండు పోస్టుల పక్కనా చిన్న భూగోళం బొమ్మ ఉంది. అంటే పబ్లిక్. విడివిడిగా చూస్తే రెండిట్లోనూ పెద్ద తప్పేం లేదు. రెండూ కలిపితేనే ఆ ఫోన్ కాల్.

(దృశ్యం: వాట్సాప్ స్టేటస్)

"నేను స్టేటస్ మాత్రమే పెడతా, మావాళ్లే చూస్తారు" అంటారా? మీ కాంటాక్ట్స్ ఓసారి కిందికి తోయండి. ఏసీ మెకానిక్, పాత అద్దెవాళ్లు, మూడేళ్ల కిందటి క్యాబ్ డ్రైవర్... వీళ్లలో మీ నంబర్ సేవ్ చేసుకున్న ప్రతివాళ్లకీ ఇంటికి తాళం పడిందని తెలిసిపోతుంది. స్టేటస్ ప్రైవసీలో "ఓన్లీ షేర్ విత్" ఎంచుకుంటే మీరనుకున్న పదిమందే చూస్తారు.

ఇంకో సంగతి. వాట్సాప్‌లో ఫొటోని మామూలుగా పంపితే, అందులో దాగిన లొకేషన్ వివరాలు పోతాయి. క్వాలిటీ బాగుండాలని డాక్యుమెంట్‌గా పంపితే అవీ వెంట వెళ్తాయి. ఇంట్లో తీసిన ఫొటో అయితే ఇంటి అడ్రస్ ఇచ్చినట్టే.

డబ్బు పోయిందా, సిగ్గుపడి కూర్చోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ముందుకు కదలకుండా ఆపే వీలు అంత ఎక్కువ.

(దృశ్యం: కొత్త ఫొటో)

పిన్ని సోఫా పోస్ట్ తీసేసింది. తిరుపతి నుంచి వచ్చిన వారానికి ఈ ఫొటో పెట్టింది, ఫ్రెండ్స్‌కి మాత్రమే. పెట్టీ పెట్టగానే నాకు ఫోన్: "ఏరా, లడ్డూ తప్ప ఇంకేమన్నా కనబడుతోందా?"