నోట్లో తెల్లని గీతలు, లివర్‌లో వైరస్

హోస్ట్: నమస్కారం. బుగ్గ లోపల తెల్లని గీతలు, మంట అని డెంటిస్ట్ దగ్గరికి వెళ్తే హెపటైటిస్ సి టెస్ట్ రాశారనుకోండి. నోటికి, లివర్‌కి ఏం సంబంధం అనిపిస్తుంది కదా. ఇవాళ ఓరల్ మెడిసిన్ డాక్టర్‌ గారితో అదే మాట్లాడదాం. డాక్టర్ గారూ, ముందు ఈ గీతలేంటో చెప్పండి.

డాక్టర్: దీన్ని ఓరల్ లైకెన్ ప్లానస్ అంటామండి. రోగాలతో పోరాడాల్సిన మన టీ కణాలే (ఒక రకం తెల్ల రక్తకణాలు) నోటి పొర కింద గుమికూడి పైనున్న కణాలను దెబ్బతీస్తాయి. నూటికి సుమారు ఒకరిలో ఉంటుంది, నడివయసు ఆడవాళ్ళలో ఎక్కువ. కొందరికి గీతలు తప్ప ఏ బాధా ఉండదు. కొందరికి పొర లేచిపోయి పుండ్లు పడతాయి, చిగుళ్ళు ఎర్రబడతాయి, బ్రష్ పెడితే ప్రాణం పోయినట్టుంటుంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఆ భయం వద్దు.

హోస్ట్: మరి హెపటైటిస్ సి మధ్యలోకి ఎలా వచ్చింది?

డాక్టర్: హెపటైటిస్ సి అంటే లివర్‌ను దెబ్బతీసే వైరస్. దాన్ని గుర్తించింది 1989లో. కొద్ది ఏళ్ళలోనే లైకెన్ ప్లానస్ రోగుల్లో ఇది కూడా ఉంటోందని డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. తర్వాత చాలా అధ్యయనాలను కలిపి లెక్కకడితే, లైకెన్ ప్లానస్ ఉన్నవాళ్ళలో ఈ వైరస్ ఉండే అవకాశం సుమారు ఐదు రెట్లు ఎక్కువని తేలింది. కానీ జపాన్, ఇటలీలలో గట్టిగా కనిపించిన సంబంధం బ్రిటన్‌లో దాదాపు కనిపించలేదు.

హోస్ట్: దేశాన్ని బట్టి మారుతుందా!

డాక్టర్: వైరస్ ఎక్కడ ఎంతమందిలో ఉందన్నది ఒక కారణం. జన్యువుల పాత్ర కూడా ఉండొచ్చు. ఇటలీలో హెపటైటిస్ సి, లైకెన్ ప్లానస్ రెండూ ఉన్నవాళ్ళలో హెచ్‌ఎల్‌ఏ-డీఆర్6 అనే జన్యు రకం ఎక్కువగా కనిపించింది.

హోస్ట్: అంటే వైరస్ నేరుగా నోటిని పాడుచేస్తుందా?

డాక్టర్: నన్ను బాగా ఆలోచింపజేసే విషయం ఇదే. నోటి పొరలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యు పదార్థం, దొరికింది. ఆ వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాలు కూడా ఆ పుండ్లలోనే దొరికాయి. అయినా వైరస్ కన్నా, దాని మీద మన శరీరం చేసే యుద్ధమే నోటిని దెబ్బతీస్తోందని నా అభిప్రాయం. పాతరోజుల్లో హెపటైటిస్ సికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్ళం. అది రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందు. వైరస్ తగ్గుతున్నా కొందరికి నోటి పుండ్లు ఇంకా ముదిరాయి, లేనివాళ్ళకి కొత్తగా వచ్చాయి. తిండి కూడా తినలేక మందు మానేయాల్సిన స్థితి. ఒక జబ్బుకి వైద్యం చేయించుకుంటూ ఇంకో జబ్బుతో అల్లాడిపోవడం చాలా అన్యాయం అనిపించేది.

హోస్ట్: ఇప్పుడు మందులు మారాయి కదా?

డాక్టర్: పూర్తిగా. వైరస్‌నే నేరుగా అడ్డుకునే మాత్రలు వచ్చాయి. ఎక్కువమందికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడితే చాలు, నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. ఈ మాత్రల తర్వాత నోటి పుండ్లు కూడా తగ్గినవాళ్ళు ఉన్నారు. అందరికీ తగ్గుతాయని మాత్రం మాటివ్వలేను. తగ్గనివాళ్ళకి నోట్లో పూసే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కొనసాగిస్తాం.

హోస్ట్: అయితే గీతలున్న ప్రతి ఒక్కరూ టెస్ట్ చేయించుకోవాలా?

డాక్టర్: ఐదు రెట్లు అనగానే టెన్షన్ పడకండి. లైకెన్ ప్లానస్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి హెపటైటిస్ సి ఉండదు. కానీ ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్నా, శుభ్రం చేయని సూదులు వాడినా, డయాలసిస్‌లో ఉన్నా, లివర్ టెస్టులు తేడాగా వచ్చినా తప్పకుండా చేయించుకోండి. హెపటైటిస్ సి ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ లేకుండా లివర్‌ను దెబ్బతీసి గట్టిబడిపోయేలా చేస్తుంది. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఉంది, అందులో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. రక్తపరీక్షతో తేలిపోయేదానికి ఆలస్యం ఎందుకు?

హోస్ట్: పాజిటివ్ వస్తే?

డాక్టర్: మొదటిది యాంటీబాడీ పరీక్ష, అంటే వైరస్‌కి వ్యతిరేకంగా మన ఒళ్ళు తయారుచేసిన రక్షక ప్రోటీన్ల కోసం చూసేది. అది పాజిటివ్ అంటే వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. కొందరిలో దానంతటదే పోతుంది. ఇప్పుడు ఉందో లేదో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చెబుతుంది. ఉంటే లివర్ డాక్టర్‌ని కలవాలి. వైరస్ పోయాక కూడా నోటి చెకప్ ఆపొద్దండి. లైకెన్ ప్లానస్ నూటికి సుమారు ఒకరిలో క్యాన్సర్‌గా మారుతుంది. మానని పుండు, గట్టిగా తగిలే మచ్చ కనపడితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే చూపించుకోండి, అవసరమైతే బయాప్సీ చేస్తాం, అంటే చిన్న ముక్క తీసి పరీక్షిస్తాం.