రికార్డు ప్లేయర్ సౌండ్ తక్కువగా వస్తోందా? తిరిగి పంపే ముందు వెనకున్న ఈ స్విచ్ చూడండి

నమస్కారం అండీ. ఇదిగో, ఈ రికార్డు ప్లేయర్‌ని కంపెనీవాళ్ళు నాకు ఉచితంగా పంపారు. తిరిగి ఇవ్వక్కర్లేదన్నారు. డబ్బులేమీ తీసుకోలేదు, ఈ వీడియోని ముందుగా వాళ్ళకి చూపించనూ లేదు. పేరు అట్టపెట్టె మీద మీకు కనబడుతూనే ఉంది. బెల్ట్ డ్రైవా, బ్లూటూత్ ఉందా, ధర ఎంత, ఇవన్నీ మీరు ఈపాటికి చూసేసి ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్ళను. నేను మాట్లాడాలనుకుంటున్నది ఒక్క స్విచ్ గురించి.

వెనక్కి తిప్పుతున్నాను, చూడండి. ఎరుపు, తెలుపు సాకెట్లు. వాటి పక్కన గోరంత స్విచ్. ఒక పక్క ఫోనో, ఇంకో పక్క లైన్ అని రాసి ఉంది. నల్ల ప్లాస్టిక్ మీద నల్ల అక్షరాలు! టార్చి వేస్తే తప్ప కనబడవు. స్విచ్ ఎప్పుడు ఏ పక్కకి ఉండాలో మాన్యువల్లో ఒక్క ముక్క లేదు. ఇది చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. "వాల్యూమ్ ఫుల్లుగా పెట్టినా ఎక్కడో పక్కింట్లో పాడుతున్నట్టుంది" అని నాకు రాసేవాళ్ళలో చాలామందికి తేడా ఇక్కడే ఉంటోంది. ప్లేయరే పాడైందనుకుని తిరిగి పంపేస్తున్నారు.

మొదటి రోజు మా ఇంట్లోనూ అదే జరిగింది. పెట్టెలోంచి తీసేటప్పటికే స్విచ్ ఫోనో వైపు ఉంది. నేను చూసుకోకుండా వైర్లు తెచ్చి ఆంప్లిఫయర్ ఆక్స్‌లో, అంటే ఫోన్ లాంటివి తగిలించే మామూలు సాకెట్‌లో పెట్టేశాను. రికార్డు తిరుగుతోంది, సూది గాడిలో ఉంది, పాట మాత్రం పలచగా, దూరంగా వస్తోంది. నాన్న పక్కనే కూర్చుని ఉన్నారు. "ఏంట్రా, దీనికి గొంతే లేదు. మన పాతది రేడియోకి తగిలిస్తే వీధి చివరికి వినబడేది కదా" అన్నారు.

నాన్న చెప్పింది అక్షరాలా నిజం. అప్పట్లో మా ఇంట్లో వాల్వ్ రేడియో ఉండేది. దాని వెనక రికార్డు ప్లేయర్ కోసమే రెండు సాకెట్లు ఉండేవి. ప్లేయర్ వైరు అందులో గుచ్చితే చాలు, పాట వచ్చేసేది. ఎందుకంటే ఆ ప్లేయర్‌లో ఉన్నది క్రిస్టల్ కార్ట్రిడ్జ్. కార్ట్రిడ్జ్ అంటే సూది బిగించి ఉండే చిన్న ముక్క, సూది కదలికని కరెంటుగా మార్చేది అదే. సూది కదిలినప్పుడల్లా లోపలున్న స్ఫటికం వంగి, దానంతట అదే కరెంటు పుట్టిస్తుంది. అది వందల మిల్లీవోల్టుల్లో ఉంటుంది. రేడియోకి అది సరిపోయేది.

ఇప్పటి ప్లేయర్లలో ఎక్కువగా ఉండేది మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్. సూది కడ్డీ వెనక చిన్న అయస్కాంతం, దాని పక్కన తీగచుట్లు. దీన్నుంచి వచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు, అంతే. ఆంప్లిఫయర్ ఆక్స్ సాకెట్ ఎదురుచూసేది సుమారు 300 మిల్లీవోల్టులు. అంటే దాదాపు 75 రెట్ల తేడా! మరి ఈ బలహీనమైన కార్ట్రిడ్జ్ ఎందుకు తెచ్చారంటే, పాతది గాడి మీద 5 గ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ బరువు మోపేది. ఇది 2 గ్రాములతో పనిచేస్తుంది. రికార్డు అరగడం బాగా తగ్గుతుంది.

"సరే, వాల్యూమ్ పెంచుకుంటే పోలా" అనుకోవచ్చు. పోదండీ. రికార్డు మీద గాడి కోసేటప్పుడే బేస్ బాగా తగ్గించి, ట్రెబుల్ బాగా పెంచి కోస్తారు. బేస్ ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ పెద్దగా ఊగి పక్క గాడిలోకి వెళ్ళిపోతుంది. ట్రెబుల్ పెంచి కోస్తే, మనం వినేటప్పుడు దాన్ని తగ్గించినప్పుడు గరగర కూడా దాంతోపాటు తగ్గిపోతుంది. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అనేదానికి 1954 నుంచి ఆర్‌ఐఏఏ అనే లెక్క ఉంది. ఆ లెక్క ప్రకారం, మధ్య స్వరాలతో పోలిస్తే అట్టడుగు బేస్ పదో వంతుకి తగ్గుతుంది, అన్నిటికన్నా పై ట్రెబుల్ పది రెట్లు పెరుగుతుంది. ఫోనో ప్రీయాంప్ అనే చిన్న సర్క్యూట్ సౌండ్‌ని పెంచడంతోపాటు ఈ లెక్కని తిరగేసి మామూలు చేస్తుంది. అది లేకపోతే మీరు ఎంత పెంచినా మృదంగం తగరపు డబ్బా మోతే.

ఈ ప్లేయర్‌లో ఆ ప్రీయాంప్ లోపలే ఉంది. లైన్ వైపు తోస్తే అది పనిచేస్తుంది. ఫోనో వైపు తోస్తే పక్కకి తప్పుకుంటుంది. ఇప్పుడు వినండి, ఇది వీణ రికార్డు. ఫోనోలో పెట్టి ఆక్స్‌లోకి... విన్నారా? తీగ మీటిన శబ్దం ఉంది, వీణ కుండ నిండుగా మోగడం లేదు. ఇప్పుడు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, స్విచ్ లైన్‌కి తోస్తున్నాను. వాల్యూమ్ మెల్లగా పెంచుతున్నాను. అదీ! మంద్ర స్వరాలు ఎలా నిండుగా వచ్చాయో చూడండి.

దీనికి తలకిందులు తప్పు కూడా ఒకటుంది. మీ ఆంప్లిఫయర్ వెనక ఫోనో అనే సాకెట్ ఉందనుకోండి, అంటే దానికీ సొంత ప్రీయాంప్ ఉంది. ప్లేయర్ లైన్‌లో ఉంచి అందులో పెడితే రెండు ప్రీయాంప్‌లు ఒకదాని మీద ఒకటి. సౌండ్ పగిలిపోయి, బొంగురుగా గదంతా అదురుతుంది. అక్కడ స్విచ్ ఫోనోలోనే ఉండాలి.

తప్పు ఎక్కడుందో తెలియకపోతే, ప్లేయర్ వైరు తీసేసి అదే ఆక్స్‌లో మీ ఫోన్ పెట్టి పాట వేయండి. అది గట్టిగా వస్తే ఆంప్లిఫయర్, స్పీకర్లు బాగానే ఉన్నట్టు. ఫోన్‌ని ఫోనో సాకెట్‌లో మాత్రం పెట్టకండి.

గుయ్‌మని హమ్ వస్తుంటే, ప్లేయర్ వెనక నుంచి వచ్చే సన్నటి గ్రౌండ్ వైరుని ఆంప్లిఫయర్ మీదున్న గ్రౌండ్ స్క్రూకి బిగించండి. దీనికి ఆ వైరు ఇచ్చారు, సంతోషం. ఒక పక్క స్పీకరే పలుకుతుంటే హెడ్‌షెల్, అంటే కార్ట్రిడ్జ్ బిగించి ఉండే ముందు భాగం విప్పి, కార్ట్రిడ్జ్ వెనకున్న నాలుగు రంగు వైర్లు చూడండి. ఎక్కువగా వాటిలో ఒకటి వదులై ఉంటుంది.

ఇంకొక్క విషయం, ఇది నేను చేసిన పొరపాటు. రికార్డులు అరగకూడదని నా పాత ప్లేయర్‌లో సూది బరువు 1.2 గ్రాములకి తగ్గించాను. ఆ కార్ట్రిడ్జ్‌కి కావలసింది 2. కొన్ని నెలలు అలాగే విన్నాను. "స", "ష" వచ్చిన చోటల్లా తుప్పరలు పడ్డట్టు చీలిపోయేది. బరువు చాలక సూది గాడిలో ఎగిరెగిరి గోడల్ని కొడుతుందని, ఎక్కువ బరువు కంటే అదే ఎక్కువ హాని అని తర్వాత తెలిసింది. అమ్మ పెళ్ళికి ఎవరో బహుమతిగా ఇచ్చిన రికార్డు ఒకటి అలా పాడైంది. ఇప్పుడు 2 గ్రాములతో వేసినా ఆ చీలిక పోలేదు. అందుకే చెప్తున్నాను, మీ కార్ట్రిడ్జ్ కాగితం మీద ఎంత రాసి ఉంటే అంతే పెట్టండి. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా లాంటిది సూదుల కోసం వేరుగా దొరుకుతుంది, అది కొనుక్కోండి. ఈ ప్లేయర్‌లో సూది చేతి వెనకున్న బరువు తిప్పి సరిచేసుకునే వీలుంది. ఆ వీలు లేని ప్లేయర్‌ని నేను ఎవరినీ కొనమనను.

రికార్డు లేబుల్ దగ్గరికొచ్చేసరికి సౌండ్ కాస్త తగ్గినట్టు, నలిగినట్టు ఉందా? అది ఈ ప్లేయర్ తప్పు కాదు. ఎల్పీ అంచున సూది కింద గాడి సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు పరుగెడుతుంది, లోపలికొచ్చేసరికి 20 దగ్గరికి పడిపోతుంది. అదే పాట తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది. సూది శుభ్రంగా, బరువు సరిగ్గా ఉంటే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

మరి కొనొచ్చా అంటే, కొనండి. మూడు వారాలుగా వింటున్నాను, వీణకీ నాదస్వరానికీ ఈ ధరలో ఇంత నిండుదనం నేను వినలేదు. రేపు మీరు మంచి ప్రీయాంప్ కొనుక్కుంటే ఇదే స్విచ్‌తో లోపలిదాన్ని తప్పించుకోవచ్చు. అందుకే ఆ స్విచ్ అంటే నాకు ఇష్టం, దాన్ని అలా దాచినందుకే కోపం. కంపెనీవాళ్ళు చూస్తుంటే ఒక్క మాట. ఆ రెండు మాటలు తెల్లగా అచ్చు వేయండి, మాన్యువల్లో ఒక పేజీ తెలుగులో పెట్టండి.

నాన్న ఇప్పుడు రోజూ సాయంత్రం తనే రికార్డు వేసుకుంటున్నారు. నిన్న వాల్యూమ్ తగ్గించమని పక్కింటివాళ్ళు వచ్చారు. హెడ్‌ఫోన్ పెట్టుకోండి, వీణ రికార్డు రెండో వైపు వేస్తున్నాను.