వాన రాకడ చెప్పే ఉద్యోగం: సెలెస్తె సావులో

[తెర మీద: చీకట్లో వరుస మెరుపులు. కారు అద్దం మీద టపటపా వడగళ్లు.]

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ప్రాణం సంగతి పక్కన పెడదాం. వాన రాకడ చెప్పడమే ఉద్యోగమైన ఒకావిడ గురించి ఈ వీడియో.

మీరు చూస్తున్నది అర్జెంటీనాలోని కోర్డోబా ప్రాంతం. ప్రపంచంలో బాగా ఉధృతమైన ఉరుముల వానలు పడే చోట్లలో ఇదొకటి.

[మ్యాప్: అమెజాన్ నుంచి దక్షిణానికి బాణం గుర్తు.]

ఎందుకంటే, అమెజాన్ అడవుల మీదుగా వచ్చే తేమగాలికి పడమటి వైపు ఆండీస్ కొండలు గోడలా అడ్డం నిలబడతాయి. దాటలేక ఆ గాలి దక్షిణానికి మళ్లుతుంది. నేలకు ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులో, ఇరుకు కాలువలోకి వదిలిన నీళ్లలా దూసుకుపోతుంది. రాత్రిళ్లు జోరు ఇంకా ఎక్కువ. అర్జెంటీనా మైదానాల్లో వానకీ వడగళ్లకీ సరుకు మోసుకొచ్చేది చాలావరకు ఈ గాలే.

అర్జెంటీనా వాతావరణ శాస్త్రవేత్త సెలెస్తె సావులో ఏళ్ల తరబడి చదివింది ఈ గాలినే. బ్యూనస్ ఎయిర్స్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, అక్కడే పాఠాలు చెప్పి, వాతావరణ శాస్త్ర విభాగానికి అధిపతి అయ్యారు. 2014లో దేశ వాతావరణ సంస్థ డైరెక్టర్ కుర్చీలో కూర్చున్నారు. అందులో కూర్చున్న మొదటి మహిళ ఆమే.

సంస్థ పాతది. 1872లో పుట్టింది, అంటే మన భారత వాతావరణ శాఖ (ఐఎండీ) కన్నా మూడేళ్లు పెద్ద. అంటార్కిటికా దగ్గరి దీవిలో, ఓర్కాడాస్ స్థావరంలో 1904 నుంచి చలి, గాలి లెక్కలు రాస్తూనే ఉంది. (నాకు ఈ సంస్థ మీద గౌరవం కలిగింది ఇక్కడే. ఆ మంచులో, నూట ఇరవై ఏళ్లు!) కానీ 1960ల నుంచి దాదాపు నలభై ఏళ్లు వైమానిక దళం చేతిలో ఉండిపోయింది. 2007లో గానీ పౌర పాలన కిందికి రాలేదు.

పరిశోధకురాలి లెక్క తప్పితే ఇంకో పేపర్ రాసుకోవచ్చు. డైరెక్టర్ లెక్క తప్పితే తెల్లారేసరికి టీవీల్లో తిట్లు. పోనీ లెక్క కుదిరినా సరిపోదు. "120 మిల్లీమీటర్లు" అంటే లారీ డ్రైవర్‌కి ఏం అర్థమవుతుంది? బండి తియ్యాలా వద్దా, అదే కదా ఆయనకి కావాల్సింది! ఆమె హయాంలో అర్జెంటీనా హెచ్చరికల పద్ధతి మారింది. మన ఫోన్లకొచ్చే ఎల్లో, ఆరెంజ్, రెడ్ లాగే అక్కడా రంగులు. ఎంత వానతో పాటు ఎంత ప్రమాదం, ఏం చెయ్యాలి అన్నదీ చెబుతారు. 2018లో అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి రాడార్లు, బెలూన్లతో కోర్డోబా మేఘాల వెంటపడ్డ 'రెలాంపాగో' ప్రాజెక్టులోనూ ఈ సంస్థ ఉంది. రెలాంపాగో అంటే స్పానిష్‌లో మెరుపు.

[తెర మీద: జెనీవా.]

2023 జూన్‌లో ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ వాతావరణ సంస్థ ఆమెను సెక్రటరీ జనరల్‌గా ఎన్నుకుంది. 2024 జనవరి 1న బాధ్యతలు తీసుకున్నారు. అక్కడా మొదటి మహిళే. టెన్షన్ కూడా పెద్దదే: 2027 చివరికల్లా భూమ్మీద ప్రతి ఒక్కరికీ ముందస్తు హెచ్చరిక అందాలని ఐక్యరాజ్యసమితి గడువు పెట్టుకుంది. రాడార్లకే దిక్కులేని దేశాలుండగా, నాకైతే ఇది కాస్త అత్యాశగానే కనిపిస్తోంది.

[తెర మీద: ఢిల్లీ.]

2025 జనవరిలో ఐఎండీ 150 ఏళ్ల వేడుకకి ఆమె వచ్చారు. అప్పుడు నాకు ఇద్దరు గుర్తొచ్చారు. వానాకాలంలో మన నెత్తిన, చాలా ఎత్తులో తూర్పు నుంచి పరిగెత్తే గాలి ప్రవాహం మీద పేరు తెచ్చుకున్న తెలుగువారు పి. కోటేశ్వరం, ఐఎండీ డైరెక్టర్ జనరల్ అయ్యారు. వాతావరణ పరికరాలు మన దేశంలోనే తయారయ్యేలా చేసిన అన్నా మణి 1976లో రిటైరయ్యే నాటికి డిప్యూటీ డైరెక్టర్ జనరల్. ఆ మిగిలిన ఒక్క మెట్టు ఈ 150 ఏళ్లలో ఏ మహిళా ఎక్కలేదు.