అమరావతి స్తూపాన్ని పాత బొమ్మల్లో చూద్దాం

[తెర మీద: కృష్ణ ఒడ్డు, అమరేశ్వరస్వామి గుడి గోపురం, తెల్లవారుజాము]

నమస్కారం. ఈ వీడియో రాజధాని గురించి కాదు. ఆ పేరు ఏ ఊరి నుంచి వచ్చిందో ఆ పాత అమరావతి గురించి. పల్నాడు జిల్లాలో, కృష్ణ ఒడ్డున, పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరాలయం ఉన్న చిన్న ఊరు ఇది.

[తెర మీద: స్తూపం ఉన్న చోటు]

గుడికి కాస్త దూరంలోనే మహాచైత్యం అనే పెద్ద బౌద్ధ స్తూపం ఉండేది. ఇప్పుడు వెళ్తే గడ్డి మొలిచిన గుండ్రటి దిమ్మె, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతి పలకలు కనిపిస్తాయి. "ఇంతేనా?" అని చాలామంది అయిదు నిమిషాల్లో వెనక్కి తిరుగుతారు. నాకు అది చూస్తే బాధేస్తుంది. ఆ స్తూపం ఎలా ఉండేదో తెలియాలంటే బొమ్మలు చూడాలి.

[తెర మీద: మెకంజీ సేకరణలోని దీపాలదిన్నె పటం]

1790ల్లో ఇక్కడి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి ఇక్కడికి మకాం మార్చారు. కొత్త ఊరు కట్టడానికి రాయి, ఇటుక కావాలి. పక్కనే దీపాలదిన్నె అనే దిబ్బ ఉంది. తవ్వితే చెక్కిన పలకలు బయటపడ్డాయి. ఆ సంగతి విని 1797లో సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూశారు. 1816లో ఆయన మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిమి భాగం తవ్వేసి ఉంది. పటంలో మధ్యన కనిపిస్తోందే, అది చెరువు కోసం తవ్విన గుంట.

అప్పుడు ఆయన బృందంలోని చిత్రకారులు కూర్చుని ఒక్కో పలకనూ కొలిచి, గీశారు. పగుళ్లు కూడా వదల్లేదు. ఆ తర్వాత పోయిన రాళ్లు కొన్ని ఈ బొమ్మల్లోనే మిగిలాయి. ఆల్బమ్ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

[తెర మీద: బ్రిటిష్ మ్యూజియంలోని పలక, నెమ్మదిగా దగ్గరికి]

కానీ వీటికంటే చాలా పాత బొమ్మ ఇదిగో, ఈ పలక. స్తూపం మీదే స్తూపం బొమ్మ చెక్కారు! కింద కంచె చూడండి. దాని మీద పొడవాటి పూలదండను మోస్తూ సాగే మనుషులు. ద్వారం దగ్గర స్తంభాల మీద కూర్చున్న సింహాలు. వాటి వెనక, ద్వారానికి ఎదురుగా స్తూపం అరుగు మీద వరసగా నిలబెట్టిన అయిదు స్తంభాలు, వీటినే ఆయక స్తంభాలు అంటారు. పైన గుండ్రటి గుమ్మటం, అంటే అండం, దానికి అటూ ఇటూ గాల్లో తేలుతున్న దేవతలు. శిల్పి కళ్ల ముందు నిలబడి ఉన్న స్తూపమే ఇది అయి ఉండొచ్చు.

ఇప్పుడు పలకను వెనక్కి తిప్పుదాం. ఇది ఇంకా పాతది, సుమారు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటిది. బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చేతులు జోడించిన భక్తులు. బుద్ధుడి రూపం ఎక్కడా లేదు. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత స్తూపాన్ని కొత్తగా తీర్చిదిద్దినప్పుడు ఇదే రాయిని తిప్పి, రెండో వైపు చెక్కారు.

[తెర మీద: లీనియస్ ట్రైప్ ఫొటోలు, 1858]

1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి. అక్కడ 1858లో ట్రైప్ వాటికి ఫొటోలు తీశాడు. మరుసటి ఏడాదే చాలా పలకలు ఓడెక్కి లండన్ వెళ్లాయి. మిగిలినవి చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోనూ, అమరావతి మ్యూజియంలోనూ ఉన్నాయి.

[తెర మీద: మళ్లీ స్తూపం దిమ్మె]

ఈసారి వెళ్లేటప్పుడు ఆ పలక ఫొటో ఒకటి ఫోన్‌లో పెట్టుకోండి. దిమ్మె ముందు నిలబడి ఫొటో ఎత్తి పట్టుకుంటే, సింహాలు ఎక్కడ కూర్చునేవో మీ పిల్లలకు వేలుపెట్టి చూపించగలరు.