ఆదివారం మాత్రమే

సభకు నమస్కారం. డాక్టరమ్మగారికి, గ్రంథాలయం మేష్టారికి, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువాలు వద్దని మేష్టారిని ముందే వేడుకున్నాను. ఆయన మన్నించారు.

ఈ రోజు, అక్టోబరు 29, ప్రపంచ సోరియాసిస్ దినం. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ జబ్బుతో ఉన్నాను. దీనికంటూ ఒక రోజుందని నాకు ఈ ఏడే తెలిసింది. కొత్తగా మందు మొదలుపెట్టావు కదా, ఆ అనుభవం పది నిమిషాలు చెప్పు అన్నారు మేష్టారు. చెబుతాను. ముందు నా చేతులు చూడండి. చొక్కా మడుస్తున్నాను. వెనక బెంచీల వాళ్ళకి కూడా కనబడాలి. మోచేతుల మీద, అరచేతుల అంచున ఈ ఎర్రటి మచ్చలు, పైన తెల్లటి పొలుసులు. ఇప్పుడు బాగా పలచబడ్డాయి. పదిమందిలో నేను పొట్టిచేతుల చొక్కా వేసుకున్నది 1996లో ఆఖరు.

నేను బస్సు కండక్టరుగా చేశాను. తాడేపల్లిగూడెం నుంచి భీమవరం, భీమవరం నుంచి తాడేపల్లిగూడెం. రోజుకి కొన్ని వందల చేతుల్లో టికెట్లు, చిల్లర పెట్టే ఉద్యోగం. ఈ జబ్బు వేరే ఎవరికి వచ్చినా ఇంత బాధ పడేవారు కాదేమో అని చాలాసార్లు అనుకున్నాను. అది తప్పే. వంటమనిషికి వస్తే? మంగలికి వస్తే? పెళ్ళి కావలసిన పిల్లకి వస్తే?

1996 నవంబరులో కోనసీమను ముంచిన తుపాను పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో తడిసిన బట్టలతోనే డ్యూటీ చేశాను. గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. అవి తగ్గిన రెండు వారాలకి ఒళ్ళంతా చినుకులు పడ్డట్టు ఎర్రటి మచ్చలు లేచాయి. గొంతులో చేరే ఒక రకం సూక్ష్మజీవి ఈ జబ్బును లేపగలదని డాక్టరమ్మగారు మొన్న చెప్పారు. అప్పుడు నాకేం తెలుసు? చీడ అనుకుని వేపాకు రుద్దాను. తర్వాత డబ్బుల సంచి పట్టీ ఒరుసుకునే చోట, ఎడమ భుజం నుంచి కుడి నడుము దాకా, గీత గీసినట్టు మందంగా లేచింది. చర్మం ఒరుసుకున్నచోట, గీరుకున్నచోట ఇది లేస్తుందట. సంచి మార్చాను, పట్టీకి గుడ్డ చుట్టాను. జబ్బు నాలో ఉంటే సంచి ఏం చేస్తుంది?

మామూలు మనిషికి లోపల పుట్టిన చర్మపు కణం పైకొచ్చి రాలడానికి దాదాపు నెల పడుతుంది. మాకు మూడు నుంచి ఐదు రోజులు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి చర్మాన్ని తొందరపెడుతుంది. పాతది రాలకముందే కొత్తది వచ్చి మీద పేరుకుంటుంది. జరిగేది ఇంతే. ఇది గజ్జి కాదు, తామర కాదు, కుష్ఠు కాదు. ముట్టుకుంటే అంటదు. పక్కన కూర్చుంటే అంటదు. ఒక గ్లాసులో నీళ్ళు తాగినా, ఒక మంచం మీద పడుకున్నా అంటదు. మా ఆవిడ అదిగో అక్కడ కూర్చుంది, ఇరవై తొమ్మిదేళ్ళుగా నా పక్కనే ఉంది. ఆమెకి రాలేదు.

ఒకావిడ గురించి చెప్పాలి. రోజూ ఎక్కేది, చంటిపిల్లతో. ఒకరోజు చిల్లర ఇవ్వబోతే చెయ్యి చాపలేదు. కొంగు పట్టింది. పైనుంచి వెయ్యమని కళ్ళతోనే చెప్పింది. వేశాను. మర్నాడు ఆమె పక్కనున్న ఇంకో ఇద్దరు కూడా కొంగులు పట్టారు. గుళ్ళో ప్రసాదానికి పట్టే కొంగు, నా చెయ్యి తగలకూడదని పట్టారు. నేను ఆమెని తిట్టుకోవడం లేదు. పిల్లని కాపాడుకుంటున్నాననుకుంది. అమ్మా, ఇది అంటుకోదు అని ఆమెకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇవాళ మైకు పట్టుకున్నది అందుకే. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు చెబుతున్నాను.

మేష్టారు గడియారం చూస్తున్నారు. మందు దగ్గరికి వస్తాను. ఇంకొక్కటి చెప్పనివ్వండి.

2003లో మా చిన్నాన్న కూతురి పెళ్ళి. పదిహేనో ఏటి నుంచి మా వాళ్ళ పెళ్ళిళ్ళలో పప్పు వడ్డించేది నేనే. ముద్దపప్పు బకెట్టు ఎడమచేత్తో, గరిటె కుడిచేత్తో పట్టుకుని, వంగి, ఎవరి ఆకు ఖాళీ అయిందో చూసుకుంటూ, ఇంకొంచెం వేసుకో పిన్నీ అంటూ వరస చివరిదాకా వెళ్ళడం నాకు మహా ఇష్టం. ఆ రోజు రెండో బంతిలో సగం వరస కూడా అవలేదు, ఒక బావమరిది వచ్చి, "బావా, అలిసిపోయావు, ఇటివ్వు" అని బకెట్టు తీసుకున్నాడు. ఇచ్చేశాను. నిజంగానే అలిసిపోయాననుకున్నాడేమో అనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే కుళాయి దగ్గర గరిటె కడుగుతున్నాడు. పప్పు అంటిన గరిటెని, పప్పే వడ్డించబోయే గరిటెని, బూడిదతో తోమి కడుగుతున్నాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఏ పెళ్ళికీ వెళ్ళలేదు. డ్యూటీ ఉందని చెప్పి మా ఆవిడని ఒక్కదాన్నే పంపేవాణ్ణి. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళలేదు. వెళ్తే చొక్కా విప్పాలి కదా. విప్పకుండా మందిచ్చేవాళ్ళ కోసం తిరిగాను. మెడికల్ షాపులో అడిగి ట్యూబులు కొన్నాను. ఒకచోట ఒకాయన బూడిద రంగు పొడి పొట్లాలు ఇచ్చాడు. పదిహేను రోజుల్లో చర్మం అద్దంలా అయింది. ఊరంతా చెప్పాను, ఇంకో నలుగురిని ఆయన దగ్గరికి పంపాను కూడా. ఆ నలుగురికీ నేను క్షమాపణ చెప్పుకోవాలి. మూడు నెలలకి నా ముఖం ఉబ్బింది, ఒంట్లో చక్కెర పెరిగింది. భయపడి ఒక్కసారిగా మానేశాను. వారం తిరక్కుండా తల నుంచి పాదాల దాకా ఒళ్ళంతా ఎర్రగా మండిపోయి, చలితో వణుకుతూ ఆసుపత్రిలో పడ్డాను. పొట్లం మీద ఏమీ రాసి లేదు. నా వాలకం చూసి అందులో స్టెరాయిడ్ ఉండి ఉంటుందన్నారు అక్కడి డాక్టర్లు. దయచేసి వినండి: ఏముందో రాయని పొట్లం మింగకండి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్ళు భయపడి ఒక్కరోజులో మానెయ్యకండి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

రెండేళ్ళ కిందట వేళ్ళ కీళ్ళు పట్టేయడం మొదలైంది. పొద్దున్న లేస్తే చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి మా ఆవిడ రావాలి. గోళ్ళ మీద గుండుసూదితో పొడిచినట్టు గుంటలు పడ్డాయి. ఇది చర్మంతో ఆగే జబ్బు కాదని, కొందరికి కీళ్ళలోకి వెళ్తుందని, కీలు ఒకసారి పాడైతే బాగుచెయ్యడం కష్టమని అప్పుడు తెలిసింది. అలా ఈ డాక్టరమ్మగారి దగ్గర చొక్కా విప్పాను. ఆవిడ చేతికి తొడుగు లేకుండానే నా వీపు మీద చెయ్యి వేసి చూశారు.

మెథోట్రెక్సేట్ రాశారు. అది క్యాన్సర్‌కి కూడా వాడే మందని మా అబ్బాయి ఫోన్‌లో చూసి చెప్పాడు. చీటీ నలభై రోజులు దేవుడి గూట్లోనే ఉండిపోయింది. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆవిడ కోప్పడలేదు. క్యాన్సర్‌కి ఇచ్చే మోతాదు వేరు, నీకిచ్చేది వేరు అన్నారు. పెద్ద ఖరీదైన ఇంజెక్షన్లు కూడా ఉన్నాయని, వాటికి ముందు క్షయ ఉందేమో చూడాలని, నాకు ముందు ఇది చూద్దామని చెప్పారు. వచ్చేస్తుంటే, "నువ్వు రోజూ భీమవరం, భీమవరం అని అరిచేవాడివట కదా, ఈ మందు పుట్టించినవారిలో ఒకరిది ఆ భీమవరమే" అన్నారు.

అయ్యలారా, నేను ఎన్ని వేలసార్లు ఆ ఊరి పేరు అరిచానో. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు పెద్ద పట్టా దక్కలేదంటారు. ఆయన అన్నగారు పురుషోత్తం స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ దుఃఖంతో అమెరికా వెళ్ళారు. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊళ్ళో లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం ముందు ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ జబ్బు మనుషులకి పనికొచ్చే విటమిన్ అది. దాన్ని అడ్డుకునే మందుల్ని కూడా ఆ బృందమే చేసింది. వాటిలో ఒకటి నేను వేసుకునే మెథోట్రెక్సేట్. 1948లో ఆయన పోయారు. మూడేళ్ళకి, 1951లో, దీని అన్నలాంటి అమినాప్టెరిన్ సోరియాసిస్ మీద పనిచేస్తుందని తేలింది. ఆయన చూడలేదు. ఆదివారం నేను మింగేది, మిగతా రోజుల్లో దాని వేడి తగ్గడానికి మింగే ఫోలిక్ ఆసిడ్, రెండూ ఆ ఒక్క బృందం చేతిలోంచే వచ్చాయి. 1995లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేశారట. ఎవరి దగ్గరైనా ఉంటే ఒకసారి చూపించండి, కళ్ళకద్దుకుని ఇచ్చేస్తాను.

ఇక అసలు సంగతి. రాసుకునేవాళ్ళు రాసుకోండి. సోరియాసిస్‌కి ఈ మందు వారానికి ఒక్కరోజే. సంతలాగా, వారానికి ఒకసారి. రోజూ వేసుకుంటే నోరు పుండ్లు పడుతుంది, ఎముకల్లో రక్తం తయారవడం ఆగిపోతుంది, ప్రాణం పోతుంది. ఇది బెదిరింపు కాదు. మొదటిసారి మందులు కొన్నప్పుడు కుర్రాడు కవరు మీద "రోజూ రాత్రి ఒకటి" అని రాసిచ్చాడు. వాడికి తెలియక రాశాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ చీటీ, కవరు పక్కపక్కన పెట్టి చదివింది. చీటీ మీద డాక్టరమ్మగారు తెలుగులో, పెద్ద అక్షరాలతో "ఆదివారం మాత్రమే" అని రాసి కింద రెండు గీతలు గీశారు. ఆ తెలుగు అక్షరాలే లేకపోతే నేను ఇవాళ ఇక్కడ ఉండేవాణ్ణి కాదు. డాక్టర్లు ఎవరైనా ఈ సభలో ఉంటే చేతులు జోడించి అడుగుతున్నాను: ఈ ఒక్క మందుకైనా వారం పేరు తెలుగులో రాయండి.

నావి రెండు మాత్రలూ చిన్నవే, పసుపుపచ్చవే. అందుకని మా ఆవిడ ఆదివారం మాత్రని పాత పౌడరు డబ్బాలో విడిగా పెట్టింది, వేసుకున్నాక క్యాలెండరులో ఆ గడి మీద సున్నా చుడుతుంది. ముందు రక్తం, కాలేయం, మూత్రపిండాలు, ఛాతీ ఎక్స్‌రే చూశారు. తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ రక్తం చూస్తున్నారు. సారా, బ్రాందీ లాంటివి తాగడం మానాలి. బిడ్డ కావాలనుకునే ఆడవాళ్ళు, మగవాళ్ళు ముందే డాక్టరుకి చెప్పాలి. గర్భిణికి ఇది ఇవ్వరు. నొప్పుల మాత్రలు, యాంటీబయాటిక్‌లు అడక్కుండా వేసుకోకూడదు.

శ్రావణంలో ఏడున్నర మిల్లీగ్రాములతో మొదలుపెట్టాను, ఇప్పుడు పదిహేను. సోమవారం పొద్దున్న కడుపులో తిప్పుతుంది, టిఫిన్ సగమే తింటాను. ఎనిమిది వారాల దాకా ఏమీ తేడా లేదు. మానేద్దామనిపించింది. మా ఇంట్లో ఒక అలవాటుంది. పనిమనిషి రాకముందే మా ఆవిడ నా దుప్పటి పెరట్లో దులిపేస్తుంది, రాలిన పొలుసులు ఎవరూ చూడకూడదని. ఇన్నేళ్ళూ ఒక్కరోజు తప్పలేదు. పదో వారంలో ఒకరోజు దులిపి, దుప్పటి అలాగే పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏమండీ, ఇవాళ ఏం రాల్లేదు" అంది.

పూర్తిగా పోలేదు. పోతుందని డాక్టరమ్మగారు కూడా చెప్పలేదు, అదుపులో ఉంటుందన్నారు. చలికాలం వస్తోంది, కొంచెం లేస్తుందేమో. కానీ బొత్తాలు నేనే పెట్టుకుంటున్నాను. గరిటె పట్టుకోగలుగుతున్నాను.

మేష్టారిని ఒకటి అడిగి ఒప్పించాను. బయట పులిహోర, దద్ధ్యోజనం తెప్పించారు. పులిహోర బకెట్టు నాకివ్వమన్నాను. రెండు వరసలు పెట్టారు. రెండోవైపు మేష్టారి అబ్బాయి వడ్డిస్తాడు. మీకు ఎటు ఇష్టమైతే అటు వెళ్ళండి, నేనేమీ అనుకోను. నా వైపు వచ్చేవాళ్ళు ఆకు కొంచెం దగ్గరగా పట్టండి, వేళ్ళు ఇంకా పూర్తిగా వంగడం లేదు. అమ్మా డాక్టరుగారూ, ముందు మీరు రండి.